రెండు తాండూరులు: బొగ్గునుండి మద్యసారము తీసిన రాగి కథ

తెలంగాణమున తాండూరు అను పేరుగల ఊళ్ళు రెండు కలవు. ఒకటి వికారాబాదునకు పడమట, వాడి జంక్షనునకు పోవు రైలుదారి మీద నున్నది. నాపరాళ్ళకును, కందిపప్పునకును పేరువడినది. రెండవది ఉత్తరమున, బెల్లంపల్లి ప్రక్కన, నేటి మంచిర్యాల జిల్లాలో నున్నది. దాని పరిసరముల నేల క్రింద నున్నది బొగ్గు. 1927లో సింగరేణి సంస్థవారు బెల్లంపల్లి ప్రాంతమున గనులు తెఱచినప్పుడు ఆ ప్రదేశమును తాండూరు బొగ్గుక్షేత్రమనియే వ్యవహరించిరి. ఈ పేరుల పొత్తు కేవలము యాదృచ్ఛికము. అయినను నేను చెప్పబోవు చరిత్రకు రెండు తాండూరులును కావలసియున్నవి. ఒకచోటి బొగ్గు, మఱియొకచోటి సున్నపురాయి.

మద్యసారమనగానే మనవారికి ఇప్పపువ్వో, బెల్లపు మడ్డియో, ఈతకల్లో తలపునకు వచ్చును. ఇది సహజమే. నిజాము రాజ్యమున ఆబ్కారీ ఆదాయము ప్రభుత్వపు బొక్కసమునకు పెద్ద ఆధారముగా నుండెను. మోటారుబండ్లు వచ్చిన పిమ్మట త్రాగుటకు గాక, యంత్రములలో మండించుటకు మద్యసారమును తీయవలెనను తలంపు కలిగెను. 1920లో బెంగుళూరి విజ్ఞానసంస్థనుండి ఫౌలరు మొదలైనవారు ఇప్పపువ్వు జీవరసాయనమును గూర్చి ఒక దీర్ఘవ్యాసము ప్రకటించిరి. బోధనులో నిజాము చక్కెర కర్మాగారము వెలసిన తరువాత చెఱకు మడ్డినుండియు మద్యసారమును తీసిరి. వీనికన్నిటికిని మూలము చక్కెర. చక్కెరను తిని మద్యసారమును విడుచునది ఒక సూక్ష్మజీవి. నేడు బియ్యము, మొక్కజొన్నలనుండి ఇథనాలు తీయు కర్మాగారములకును ఇదియే సూత్రము. ఆ కర్మాగారములు తమ నీటిని, గాలిని చెఱచునని 2023లో నారాయణపేట జిల్లా చిత్తనూరు ప్రాంతమునను, 2024లో నిర్మల జిల్లా దిలావర్‌పూరునను రైతులు చేసిన ఆందోళన చదువరులకు జ్ఞాపకముండును.

ఈ వ్యాసమున చెప్పునది వేఱొక దారి. ఇందు పువ్వు లేదు, ధాన్యము లేదు, పులియబెట్టుట లేదు. బొగ్గు, నీటియావిరి, రాగి. అంతే.

ఎఱ్ఱగా కాలు బొగ్గు మీదుగా నీటియావిరిని పంపినచో, ఆవిరిలోని ఆమ్లజని బొగ్గుతో కలిసి కర్బన మోనాక్సైడు అను వాయువగును, ఉదజని విడివడును. ఈ రెండు వాయువుల మిశ్రమమును సంశ్లేషణవాయువందురు. దీనికి రంగు లేదు. మోనాక్సైడునకు వాసనయు లేదు. చలికాలమున తలుపులు మూసికొని, కుంపటి ప్రక్కన బెట్టుకొని పండుకొన్న కుటుంబములు తెల్లవారునప్పటికి శవములై కనబడిన వార్తలు మనము వినుచునే యున్నాము. వారిని చంపునది ఈ మోనాక్సైడే. దీని యొక పాలును, ఉదజని రెండు పాళ్ళును కలిసినచో మిథనాలు అను మద్యసారమగును.

కాగితము మీద వ్రాయుటకిది యొక పంక్తి. కాని ఈ వాయువులను ఒక పాత్రలో బంధించి నూఱేండ్లుంచినను అవి యొకదానినొకటి పలుకరింపవు. వేడి చేసినచో కలియవా యందురేమో. ఈ సంయోగమున వేడి పుట్టును. కావున పాత్రను వేడి చేసినకొలది ఏర్పడిన మద్యసారము మఱల విడిపోవుటకే మొగ్గును. ఒక కిలో మిథనాలు ఏర్పడునప్పుడు వెలువడు వేడి, ఒక కిలో నీటిని కాచి పూర్తిగా ఆవిరిచేయుటకు చాలును. కావున తక్కువ వేడిలో, ఎక్కువ ఒత్తిడిలో, ఒక మధ్యవర్తి సాయమున ఈ కూర్పు జరుగవలెను. ఆ మధ్యవర్తియే ఉత్ప్రేరకము. పెండ్లి కుదిర్చిన పెద్ద వధూవరులను కలిపి తాను చేతులు దులుపుకొని యింటికి పోయినట్లు, ఉత్ప్రేరకము వాయువులను కలిపి తాను మాఱక మిగులునని పాఠ్యపుస్తకములు చెప్పును. రాగి విషయమున ఈ మాట పూర్తిగా నిజము కాదు. అదియే ఈ చరిత్రకు మూలము.

ముందుగా ఒక హెచ్చరిక చేయక తప్పదు. మిథనాలు పేరునకు మద్యసారమే గాని త్రాగదగినది కాదు. శరీరమున ప్రవేశించినప్పుడు కాలేయము దానిని ముందు ఫార్మాల్డిహైడుగాను, పిదప ఫార్మిక్ ఆమ్లముగాను మార్చును. ఆ యామ్లము కంటినరమును కాల్చును. గ్రుడ్డితనము, మరణము కలుగును. 2024 జూనులో తమిళనాట కళ్ళకురిచిలో కల్తీసారా త్రాగి అఱువదిమందికి పైగా మరణించుటకు కారణము మిథనాలే. చూపునకును వాసనకును త్రాగెడి సారమునుండి దీనిని సామాన్యుడు వేఱుచేయజాలడు. ఇట్టి పదార్థమును టన్నులకొలదిగా చేయవలెనని కోరువారు, దానిని పీపానుండి పీపాకు లెక్కపెట్టి కాపాడు బాధ్యతను కూడ వహింపవలసియుండును. జిగురుమందులకు, రంగులకు, ఔషధములకు, ఇంధనమునకు దీని యవసరము గొప్పది. మన దేశమున వాడు మిథనాలులో పదింట తొమ్మిది వంతులకు మించి విదేశములనుండి వచ్చుచున్నది.

పూర్వము దీనిని కట్టెనుండి తీసెడివారు. గాలి తగులకుండ కట్టెను మూసిన పాత్రలో కాల్చినచో బొగ్గు మిగులును. వచ్చిన పొగను చల్లార్చగా దొరకు ద్రవమున కొంచెము మిథనాలుండును. 1661లో రాబర్టు బాయిలు దీనిని గుర్తించెను. 1834లో డ్యూమా, పెలిగో అను ఫ్రెంచి రసాయనజ్ఞులు దాని కూర్పును తేల్చిరి. నూఱు మణుగుల కట్టెకు ఒకటి రెండు మణుగులు మాత్రమే దొరకుటచే అడవులు నఱికినను చాలినంత వచ్చెడిది కాదు. మన పొరుగున మైసూరు సంస్థానమున భద్రావతిలో ఇనుప కర్మాగారముతో గూడ కట్టె బట్టీపట్టు గొప్ప యంత్రశాలను నెలకొల్పి, 1920 తరువాతి సంవత్సరములలో మిథనాలును తీసిరి. ఆ కాలమున అది ఘనకార్యమే. కాని అంతలోనే జర్మనీలో దాని ఆయువు తీఱిపోయెను.

1905లో పాల్ సబాటియే, మోనాక్సైడును ఉదజనిని కూర్చి మిథనాలును చేయవచ్చునని సూచించెను. 1921లో జార్జి పతార్ అను ఫ్రెంచివాడు ఇందుకు పేటెంటు పొందెను. పనిగా చేసి చూపినవారు మాత్రము జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థవారు. గాలిలోని నత్రజనిని ఉదజనితో కూర్చి అమ్మోనియా చేయుటలో మహత్తరమైన ఒత్తిడికి నిలుచు ఉక్కుపాత్రలను అమర్చుట వారప్పటికే నేర్చియుండిరి. మథియాస్ పీర్ నాయకత్వమున 1923 సెప్టెంబరులో లూనాలోని కర్మాగారమునుండి మొదటి మిథనాలు వెలువడెను. వాతావరణపు ఒత్తిడికి ఇన్నూఱు యేబది మొదలు మున్నూఱు రెట్లు ఒత్తిడి, 300 మొదలు 400 డిగ్రీల వేడి, యశదము క్రోమియముల ఆమ్లజనిదములతో చేసిన ఉత్ప్రేరకము. రెండేండ్లలో ఈ జర్మను మిథనాలు అమెరికా రేవులకు చేరి, కట్టెనుండి తీయువారి వ్యాపారమును కూలద్రోసెను.

చిత్రమేమనగా ఆ మొదటి యంత్రములందు రాగి లేకపోలేదు. అంత ఒత్తిడిలో మోనాక్సైడు ఉక్కుగోడలలోని ఇనుముతో కలిసి ఆవిరియగు ఒక పదార్థముగా మాఱి, ఉత్ప్రేరకము మీద చేరి దానిని చెఱచెడిది. అందులకై పాత్రల లోపలి గోడలకు రాగిరేకు తొడిగిరి. గోడకు కావలిగా నున్న రాగియే ముందుముందు పని చేయు చేయి కాగలదని అప్పటి శాస్త్రజ్ఞులకు తెలియునా యన్నచో, తెలియును. రాగి యశదములను కలిపిన ఉత్ప్రేరకములు ఎంతో తక్కువ వేడిలో పని చేయునని 1928లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక సంస్థయందు ఫ్రోలిచ్, ఫెన్‌స్కే, క్విగుల్ అనువారు పరీక్షించి ప్రకటించిరి. 1947లో పోలెండునందు బ్లాసియాకు అను రసాయనజ్ఞుడు రాగి, యశదము, అల్యూమినియము మూడును కూర్చిన ఉత్ప్రేరకమునకు పేటెంటు పొందెను. నేడు లోకమంతట వాడునది మూలమున ఇదియే.

మఱి తెలిసియు దాదాపు నలువదియేండ్లు దానిని పెద్ద కర్మాగారములందు ఏల వాడకపోయిరి? ఒక్కటే కారణము: గంధకము. రాగిచెంబు గంధకపుగాలి తగిలి నల్లబడుట మన యిండ్లలో ఆడువారెఱిగినదే. చెంబునైనచో చింతపండుతో తోమవచ్చును. ఉత్ప్రేరకమునకు చింతపండు లేదు. అందలి రాగి, మిల్లీమీటరులో లక్షవ వంతు పరిమాణముగల నలుసులుగా నుండును. ఆ నలుసుల పైపొర మీదనే వాయువులు కలియును. గంధకము చేరిన ప్రతి చోటు పనికిరానిదగును. వాయువున కోటి వంతులకు ఒక వంతు గంధకమున్నను క్రమముగా ఉత్ప్రేరకము చచ్చును. బొగ్గునుండి తీసిన వాయువునందు అంతకు వేలరెట్లు గంధకముండును. యశద క్రోమియములు ఈ మలినమును కొంతవఱకు సహించెడివి, రాగి సహింపదు. అందుచేత జర్మనులు మొద్దు ఉత్ప్రేరకమును గైకొని, దాని మొద్దుతనమునకు పరిహారముగా మున్నూఱు వాతావరణముల ఒత్తిడిని భరించిరి.

ఇంగ్లండులోని ఐ.సి.ఐ. సంస్థవారు ఈ ముడిని విప్పిన తీరు గమనింపదగినది. వారు ముందు రాగిని బాగుచేయలేదు, వాయువును బాగుచేసిరి. 1960 తరువాత వారు బొగ్గును విడిచి, నాఫ్తా యను తేలిక నూనెనుండి సంశ్లేషణవాయువును తీయు పద్ధతిని నెలకొల్పిరి. ఆ పద్ధతిలో నూనెనుండి గంధకమును ముందే పూర్తిగా తొలగింపక తప్పదు. అట్లు శుభ్రమైన వాయువు చేతికి వచ్చిన పిమ్మట, నలువదియేండ్లనాటి రాగి మాట మఱల తలపునకు వచ్చెను. 1966లో బిల్లింగ్‌హామున వారి రాగి యశద ఉత్ప్రేరకము పని ప్రారంభించెను. ఒత్తిడి 300 నుండి 50 వాతావరణములకు దిగెను. వేడి 250 డిగ్రీల ప్రాంతమునకు తగ్గెను. కొలది సంవత్సరములలో పాత పద్ధతి కర్మాగారములు ఒకటొకటిగా మూతపడెను. చరిత్ర వ్రాయువారు దీనిని ఉత్ప్రేరకపు విజయమని కొనియాడుదురు. నా యభిప్రాయమున ఇది శుద్ధియొక్క విజయము. రాగి అప్పటికే సిద్ధముగా నుండెను.

బొగ్గువాయువును కడుగుటకును అంతలో మార్గమేర్పడెను. గడ్డకట్టు చలికంటె మిక్కిలి చల్లనైన, అనగా సున్నకు నలువది అఱువది డిగ్రీలు క్రిందనున్న మిథనాలుతో ఆ వాయువును కడిగినచో గంధకమును, బొగ్గుపులుసుగాలియు అందు కరగిపోవును. లిండె, లూర్గి అను జర్మను సంస్థలు రూపొందించిన ఈ పద్ధతి 1955లో దక్షిణాఫ్రికాలోని సాసోలు కర్మాగారమున ప్రవేశించెను. మద్యసారము పుట్టుటకు కావలసిన శుద్ధిని మద్యసారమే చేయుట యెంత విడ్డూరము!

గంధకము పోయిన పిమ్మట రాగికి మఱియొక శత్రువు మిగిలియుండెను. అది వేడి. మున్నూఱు డిగ్రీలు దాటినచో రాగినలుసులు ఒకదానికొకటి అతుకుకొని పెద్దవగును, పైపొర తఱుగును. యశద, అల్యూమినియముల ఆమ్లజనిదములు ఆ నలుసుల నడుమ నిలిచి వానిని ఎడబాపుచుండును. సంయోగమునందే వేడి పుట్టుచున్నది గనుక, ఆ వేడిని ఎప్పటికప్పుడు తీసివేయుటయే యంత్రజ్ఞుని పని. ఎంత జాగ్రత్త పడినను మూడు నాలుగేండ్లలో ఉత్ప్రేరకము ముసలిదై మార్చవలసి వచ్చును. పెండ్లిపెద్ద ఉపమానము పూర్తిగా చెల్లదని నేననుటకు కారణమిదియే.

రాగి చేయు పనిలోని అసలు రహస్యము ఇంకను ఆలస్యముగా బయటపడెను. మోనాక్సైడే ఉదజనితో కలిసి మిథనాలగునని అందఱును తలచియుండిరి. రేడియోధార్మిక కర్బనమును గుర్తుగా పెట్టి చేసిన పరీక్షలలో, ముఖ్యముగా 1980 తరువాత ఐ.సి.ఐ. వారు చేసినవానిలో, మిథనాలులోని కర్బనము ఎక్కువగా వాయువులో కొంచెముగా కలిసియుండు బొగ్గుపులుసుగాలినుండి వచ్చుచున్నదని తేలెను. ఈ విషయము తాండూరు మాట వచ్చినప్పుడు మఱల చెప్పవలసి యుండును.

మిథనాలు మాత్రమేకాక ఇథనాలు, ప్రొపనాలు, బ్యూటనాలు అను పెద్ద మద్యసారములను గూడ సంశ్లేషణవాయువునుండి తీయు ప్రయత్నములు సాగినవి. ఇనుము, కోబాల్టు మోనాక్సైడులోని కర్బనమును ఆమ్లజనినుండి త్రెంచివైచును. అందుచే నూనెలు, మైనములు పుట్టును. రాగి త్రెంచదు. కావున త్రెంచునది యొకటి, త్రెంచనిది యొకటి ప్రక్కప్రక్కన నుంచినచో కర్బనములు గొలుసుకట్టి చివర ఆమ్లజనితో నిలుచునని యెంచి, ఫ్రెంచి పెట్రోలియము సంస్థవారు 1970 తరువాత రాగి కోబాల్టు ఉత్ప్రేరకములను చేసిరి. రాగి యశదములకు పొటాషియము వంటి క్షారమును చేర్చినచో ఐసోబ్యూటనాలు కొంత వచ్చును. కాని ఒకటి కోరినచో పది వచ్చి కలియుచున్నవి, వేఱుచేయుట కష్టము. మిథనాలునకు దొరకినంత విజయము వీనికి దొరకలేదు.

ఇక మన బొగ్గు మాట. 1874లో వాడినుండి తాండూరు, వికారాబాదుల మీదుగా సికిందరాబాదునకు రైలు నడిచెను. అంతకు రెండు మూడేండ్లకు ముందే భూగర్భశాఖకు చెందిన విలియం కింగు ఇల్లందు ప్రాంతమున బొగ్గు కనిపెట్టియుండెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యేర్పడి, 1889 నాటికి గనిపని మొదలయ్యెను. 1920లో అది సింగరేణి కాలరీసు కంపెనీగా మాఱెను. దక్కనునందు ఇంత బొగ్గు వేఱొకచోట లేకుండుటచే రైళ్ళును, మిల్లులును దీనినే తినెను. బొగ్గును మండించుటకు గాక దానిని విప్పి చూచుటకు పూనుకొన్నది హైదరాబాదు ప్రభుత్వము 1944లో స్థాపించిన కేంద్ర విజ్ఞాన పారిశ్రామిక పరిశోధనశాల. 1948నుండి 1962 వఱకు సయ్యద్ హుసేన్ జహీరు దానికి అధ్యక్షులు. బొగ్గును తక్కువ వేడిలో బట్టీపట్టి పొగరాని వంటబొగ్గును, తారును తీయు విధములను వారచట పరీక్షించిరి. 1956లో అది దేశపు పరిశోధనమండలికి చేరి ప్రాంతీయ పరిశోధనశాలగాను, 1989లో భారత రసాయన సాంకేతిక సంస్థగాను పేరు మార్చుకొనెను. 1980 ప్రాంతములయందు రోజునకు 24 టన్నుల బొగ్గును ఒత్తిడిలో వాయువుగా మార్చు లూర్గి జాతి కొలిమిని నిలిపి సింగరేణి బొగ్గును అందు పరీక్షించిరి.

పరీక్షలకు మించి, తెలంగాణమున సంశ్లేషణవాయువును కొండంత మేర చేసి చూచినది రామగుండమున. భారత ఎరువుల సంస్థవారి కర్మాగారము అచట 1980 నవంబరున ఉత్పత్తి ప్రారంభించెను. రోజునకు 900 టన్నుల అమ్మోనియా, 1500 టన్నుల యూరియా చేయవలెనని సంకల్పము. అచట చేసినది మద్యసారము కాదు. కాని బొగ్గునుండి వాయువును తీసి, గంధకమును కడిగివేసి, ఉత్ప్రేరకమునకు అప్పగించుట వఱకు దారి రెంటికి నొక్కటే. అందుచేత రామగుండపు అనుభవము మన కథలో ముఖ్యఘట్టము.

అచట పెట్టినది కాపర్సు–టోట్జెక్ కొలిమి. బొగ్గును పిండిగొట్టి, ఆమ్లజనితో గూడ లోనికి చిమ్మి, బూడిద సైతము కరగి పాఱునంత వేడిలో దానిని వాయువుగా మార్చుదురు. ఈ పద్ధతి జర్మనీ బొగ్గును చూచి పుట్టినది. మన బొగ్గులో నూటికి ముప్పది నలువది పాళ్ళు బూడిద. అనగా మూడు బండ్ల బొగ్గు తోలినచో అందొక బండి రాయి. ఆ రాతిని కరగించుటకును బొగ్గునే ఖర్చుచేయవలెను; ఆమ్లజనిని వేఱుచేయుటకు విద్యుచ్ఛక్తి కావలెను. ఆ కాలమున విద్యుచ్ఛక్తి కొఱత యెంతటిదో తెలంగాణపు రైతు నడిగిన చెప్పును. కరెంటు పోయినచో కొలిమి ఆగును. ఆగిన కొలిమిని మఱల వేడెక్కించుటకు దినములు పట్టును. యంత్రములు ఒకదానికొకటి పొసగక మాటిమాటికి నిలిచిపోయెను. సంకల్పించిన ఉత్పత్తి ఏనాడును నిలుకడగా రాలేదు. నష్టములు పెరిగి 1999లో కర్మాగారము మూతపడెను. వేలకుటుంబములు నిలిచిన ఆ పట్టణము ఇరువది యేండ్లకు పైగా దాని శిథిలములను చూచుచు గడిపెను. అదేచోట 2021లో క్రొత్త కర్మాగారము యూరియా చేయ మొదలిడెను. కాని దానికి ముడిసరకు బొగ్గు కాదు. గొట్టముల ద్వారా దూరమునుండి తెచ్చు సహజవాయువు. నాలుగుప్రక్కల బొగ్గుగనులున్న ఊరిలో!

బొగ్గు పద్ధతియే తప్పని కొందఱు దీనినుండి నిశ్చయించిరి. నేనట్లనుకొనను. చైనాలో నేడు ప్రపంచపు మిథనాలులో సగమునకు పైగా తయారగుచున్నది. అందు పెద్దపాలు బొగ్గునుండియే. వారి రాగి, మన రాగి వేఱు కాదు. వేఱైనవి బూడిదయు, దానికి తగిన కొలిమిని ఓపికతో వెదకుటయు. రామగుండమున మనము పరుల కొలిమిని తెచ్చి మన బొగ్గును దానికి తినిపింపజూచితిమి.

కొలిమిని బొగ్గునకు తగినట్లు మార్చు పని హైదరాబాదులోనే భారత్ హెవీ ఎలక్ట్రికల్సు వారి పరిశోధనకేంద్రమున జరిగెను. వారి కొలిమిలో బొగ్గునలుసులు క్రిందినుండి వీచు ఆమ్లజని, ఆవిరుల పై తేలియాడుచు, మరుగు నీటివలె కదలుచుండును. వేడి బూడిద కరగనంతగానే యుంచుదురు; రాయి రాయిగానే క్రిందికి దిగిపోవును. కేంద్రప్రభుత్వపు ధనసహాయముతో ఈ కొలిమికి గంధకమును తీయు భాగమును, రాగి ఉత్ప్రేరకపు గొట్టములను జతచేసి, రోజునకు 1.2 టన్నుల బొగ్గును మ్రింగు ఈ చిన్న యంత్రమునుండి పావుటన్ను మిథనాలును 2021లో తీసిరి. నూటికి 98 మొదలు 99.5 పాళ్ళ వఱకు శుద్ధమైనది. 2022 జనవరిలో దీనిని దేశమునకు అంకితము చేసిరి. ఎక్కువ బూడిదగల మన బొగ్గునుండి మన దేశమున మిథనాలు పుట్టుట అదియే మొదలు.

పావుటన్ను! లూనాలో మొదటి చుక్క రాలిన తొంబదియెనిమిదేండ్లకు. నవ్వుటకు గాని, మీసము దువ్వుటకు గాని ఇది తావు కాదు. పావుటన్నునుండి వేయి టన్నులకు పోవుటలోనే రామగుండము తప్పిపోయినది. మన విద్యాలయములలో ఉత్ప్రేరకముల గూర్చి వ్యాసములు వ్రాయువారు పెక్కురు. రాగిలో ఇంత జిర్కోనియము, అంత సీరియము చేర్చి ఫలితములను పట్టికలు వేయుదురు. వారు వాడు వాయువు మాత్రము సీసాలలో కొన్న పరిశుద్ధవాయువు. మైలమైన కొలిమి ప్రక్కన నిలిచి గంధకమును, తారును, దుమ్మును పట్టుకొను పనికి బిరుదులు తక్కువ. చరిత్ర చూడగా రాగిని నలువదియేండ్లు ఆపినది ఆ మైలపనియే.

ఇంకొక నిజమును దాచరాదు. బొగ్గులో ఉదజని కొఱత. మిథనాలునకు కావలసిన ఉదజనికై మోనాక్సైడులో కొంత భాగమును నీటియావిరితో మార్చి బొగ్గుపులుసుగాలిగా విడువవలసి వచ్చును. అనగా బొగ్గులోని కర్బనములో దాదాపు సగము సీసాలోనికి గాక ఆకాశమునకు పోవును. దిగుమతి తగ్గినను ఆ పొగకు లెక్క చెప్పవలసినవారము మనమే.

ఈ లెక్క చూచుకొనుచు పడమటి తాండూరునకు పోవుదము. కొత్త పట్టణములలో అరుగులకు, గచ్చులకు పఱచెడి నీలి, పసుపు నాపరాళ్ళు అచటివే. షాబాదు బండలనుచు మనము పిలుచు రాళ్ళకు ఇవి సోదరములు. భీమానది పేర భూగర్భజ్ఞులు పిలుచు ప్రాచీన శిలాపంక్తికి చెందినవి. బండకు పనికిరాని సున్నపురాయి సిమెంటునకు పోవును; తాండూరునొద్ద కరన్‌కోటలో భారత సిమెంటు సంస్థవారిది, చుట్టుపట్ల ఇతరులవి, పెద్ద కర్మాగారములు వెలసినవి. సున్నపురాయికిని బొగ్గువాయువునకును పాతచుట్టఱికము కలదు. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా పట్టణములలో వీధిదీపములకు బొగ్గువాయువును పంపునప్పుడు, దానిలోని గంధకపు కంపును తీయుటకు కాల్చిన సున్నపు పళ్ళెముల మీదుగా పంపెడివారు. నేటి తేలియాడు కొలిమిలోనికి బొగ్గుతోపాటు సున్నపురాతిపొడిని వేసినచో అది కొంత గంధకమును కొలిమిలోనే పట్టి బూడిదతో దించివేయును. రాగికి చాలునంత శుద్ధి దీనితో రాదు. కాని కడుగువాని భారము తగ్గును. బండలు కోసి నునుపుచేయగా మిగిలిన రాతిరొంపి విలువ తెలియవలెనన్న ఈ సంగతి తలచుకొనవలెను.

సున్నపురాయిని కాల్చినప్పుడు నూఱుపాళ్ళ రాతికి 44 పాళ్ళు బొగ్గుపులుసుగాలి విడువబడును. ఇది బొగ్గు మంటనుండి వచ్చునది గాదు. రాయి తనలోనుండి విడుచునది. బొగ్గు మాని సూర్యశక్తితో బట్టీని కాల్చినను ఇది తప్పదు. రాగి మీద మిథనాలులోనికి చేరు కర్బనము ముఖ్యముగా బొగ్గుపులుసుగాలినుండియే వచ్చునని పైని చెప్పితిని. కనుక సిమెంటు బట్టీ పొగయే రాగికి ముడిసరకు కాగలదు. 2012నుండి ఐస్లాండులో భూగర్భపు ఆవిరితో వెలువడు బొగ్గుపులుసుగాలిని, నీటిని విద్యుత్తుతో విడదీయగా వచ్చిన ఉదజనితో కూర్చి, రాగి ఉత్ప్రేరకము మీద మిథనాలు చేయుచు వచ్చిరి. ఆ కర్మాగారమునకు ఈ మార్గమును ప్రచారము చేసిన జార్జి ఓలా అను రసాయనజ్ఞుని పేరిడిరి. లెక్క సులభమే: ఒక టన్ను మిథనాలునకు 1.375 టన్నుల బొగ్గుపులుసుగాలి, 0.19 టన్నుల ఉదజని. చిక్కంతయు ఈ రెండవ అంకెలో నున్నది. అంత ఉదజనిని నీటినుండి తీయుటకు సుమారు 10,000 యూనిట్ల విద్యుచ్ఛక్తి కావలెను. ఆ విద్యుచ్ఛక్తియు బొగ్గు కాల్చి తీసినచో, చేసిన పుణ్యమునకు పదింతల పాపము మూటగట్టుకొన్నట్లే.

వికారాబాదు, తాండూరు చేలలో బొగ్గు కాని బొగ్గు ఒకటి కలదు, అది కందికట్టె. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. గింజ సంచులకెక్కిన పిమ్మట కట్టె పొయ్యిలోనికో, చేని గట్టున మంటలోనికో పోవుచున్నది. దానిని వాయువుగా మార్చినచో గంధకము బొగ్గులోనికంటె తక్కువ. కాని తారు ఎక్కువ. బూడిదలోని క్షారములు కొలిమి గోడలకు అంటుకొనును. ఇచటను రాగి ముందు నిలిచిన ప్రశ్న అదే: కడుగువాడెవడు?

కరన్‌కోట వంటి బట్టీలో ఒక టన్ను క్లింకరు కాలునప్పుడు రాతినుండి వెలువడు బొగ్గుపులుసుగాలి అరటన్నునకు కొంచెము మించును. అది నేడు పొగగొట్టము నుండి గాలిలో కలియుచున్నది. దాని ప్రక్కగా, 1874 నాటి దారి మీదనే, రైళ్ళు వికారాబాదు వైపునకు పోవుచున్నవి.